వర్కింగ్ మెమరీకి న్యూరోఫీడ్‌బ్యాక్: మా అబ్బాయికి చేయించాలా? (శ్రీకాకుళం)

నాగావళి_అమ్మ · శ్రీకాకుళం · శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి పదకొండేళ్లు, ఆరో తరగతి. తెలివికేం లోటు లేదు. క్రికెట్ గురించి కదిపితే ఏ మ్యాచ్‌లో ఎవరెన్ని కొట్టారో చెప్పేస్తాడు. కానీ "మేడ మీదికెళ్లి నీలం నోట్‌బుక్ తీసుకో, వచ్చేటప్పుడు ఫ్యాన్ ఆపెయ్, తాతయ్య కళ్లజోడు పట్రా" అన్నామంటే పైకి వెళ్లి అక్కడే నిలబడిపోతాడు. లెక్కల్లో పద్ధతి తెలుసు, మధ్యలో శేషం ఎంతో జారిపోతుంది. డిక్టేషన్‌లో వాక్యం సగం రాసేసరికి మిగతా సగం గుర్తుండదు. స్కూల్ డైరీలో ప్రతి వారం "శ్రద్ధ లేదు" అని రాస్తున్నారు. పిల్లాడు అది చూసుకుని ఏడుస్తున్నాడు.

విశాఖలో ఒక ప్రైవేటు సెంటర్‌లో చూపించాం. ఏవో పరీక్షలు పెట్టి వర్కింగ్ మెమరీ, అంటే విన్నదాన్ని కాసేపు మనసులో పట్టుకుని పనిచేసే శక్తి, బలహీనంగా ఉందన్నారు. తలకు సెన్సర్లు పెట్టి మెదడు తరంగాల బొమ్మ తీశారు, ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో. ముందుభాగంలో తీటా తరంగాలు ఎక్కువట. న్యూరోఫీడ్‌బ్యాక్, అంటే మెదడు తరంగాల్ని తెర మీద చూపిస్తూ వాటిని మార్చుకోవడం నేర్పే శిక్షణ, నలభై సెషన్లు చేస్తే సరిపోతుంది, మందులు అక్కర్లేదు అన్నారు. అరవై వేలు అవుతుంది, మొత్తం ముందే కడితే తగ్గిస్తారట. వారానికి రెండుసార్లు వెళ్లాలి. మా అత్తగారు గాజులు తాకట్టు పెడదామంటున్నారు. వచ్చే ఆదివారంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు. ఇది నిజంగా పనిచేస్తుందా? చేయించినవాళ్లు, తెలిసినవాళ్లు చెప్పండి.

కోటబొమ్మాళి_నాన్న · శనివారం, రాత్రి 10:15

చేయించండమ్మా. మా పాపకి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, అతిచురుకు అన్నారు, తొమ్మిదేళ్లప్పుడు. మేము చేయించాం. తలకి కొంచెం పేస్టు రాసి రెండు మూడు వైర్లు పెడతారు, చెవికి క్లిప్పు. ఎదురుగా కంప్యూటర్‌లో కారు బొమ్మ. పాప ధ్యాస పెడితే కారు నడుస్తుంది, ధ్యాస తప్పితే ఆగిపోతుంది. నొప్పి లేదు, సూది లేదు, కరెంటు ఎక్కించరు. చివరికొచ్చేసరికి పిల్ల కుదురుగా కూర్చోవడం మొదలుపెట్టింది. స్కూల్ నుంచి ఫోన్లు తగ్గాయి. నేను కళ్లతో చూసింది చెబుతున్నాను. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు, పిల్లల వయసు మళ్లీ రాదు.

ఈఈజీ_టెక్ · విజయనగరం · శనివారం, రాత్రి 11:05

నేను ఈఈజీ, అంటే తల మీద వైర్లు పెట్టి మెదడు తరంగాల్ని రికార్డు చేసే పరీక్ష, తీసే పనిలో ఉన్నాను. చికిత్స పనిచేస్తుందా లేదా అన్నది డాక్టర్లు చెప్పాలి. ఆ రంగుల బొమ్మ గురించి మాత్రం నేను చెప్పగలను.

తల మీద మనకు దొరికే సిగ్నల్ చాలా చిన్నది, మైక్రోవోల్టుల్లో ఉంటుంది. పిల్లాడు కన్ను ఆర్పితే వచ్చే సిగ్నల్ దానికంటే పెద్దది. దవడ బిగిస్తే కండరాల సిగ్నల్ వచ్చి బీటా అనే వేగంగా ఊగే తరంగాల పట్టీలో కలుస్తుంది. అంటే స్క్రీన్ మీద "బీటా పెరిగింది" అని కనబడినప్పుడు అది మెదడుదో, పళ్లు బిగించడం వల్ల వచ్చిందో రికార్డును ముడి రూపంలో కూర్చుని చూసినవాడికే తెలుస్తుంది. రంగుల బొమ్మలో ఆ తేడా కనబడదు.

తీటా అంటే సెకనుకు నాలుగు నుంచి ఎనిమిదిసార్లు ఊగే తరంగం. నిద్రమత్తు వస్తే ఎవరికైనా అది పెరుగుతుంది. అందుకే అడుగుతున్నాను, ఆ రోజు మీ బాబు ఎన్నింటికి లేచాడు? శ్రీకాకుళం నుంచి తెల్లవారుజాము బస్సులో తీసుకెళ్లి, ఏసీ గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, కదలకుండా ఉండమంటే తీటా ఎక్కువ రాక ఏమవుతుంది? పైగా చిన్నపిల్లల్లో పెద్దవాళ్లకంటే తీటా సహజంగానే ఎక్కువ ఉంటుంది.

తీటా, బీటా నిష్పత్తిని చూసి ఏడీహెచ్‌డీ నిర్ధారణకు సాయపడే ఒక యంత్రానికి అమెరికాలో మందులు, వైద్య పరికరాలను చూసే ఎఫ్‌డీఏ 2013లో అనుమతి ఇచ్చింది. 2016లో అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ దాన్ని పరిశీలించి, మామూలు వైద్యంలో ఈ నిష్పత్తి మీద ఆధారపడి నిర్ధారణ చేయొద్దని సూచించింది. లేని జబ్బు ఉందని తేలే పిల్లల సంఖ్య ఎక్కువగా ఉండడమే దానికి కారణం.

కారు నడిచే ఆట గురించి ఇంకొక మాట. కారు నడవాలంటే తరంగం దాటాల్సిన గీత ఒకటి ఉంటుంది, చాలా సాఫ్ట్‌వేర్లలో పిల్లాడికి విసుగు రాకుండా ఆ గీత దానంతటదే కిందికీ పైకీ జరుగుతుంది. పిల్లాడు ఎలా ఉన్నా ఎక్కువసేపు కారు నడుస్తూనే ఉంటుంది. కాబట్టి ఆటలో స్కోరు పెరిగిందని చూపిస్తే అది మెరుగుదలకి రుజువని అనుకోకండి.

నాగావళి_అమ్మ · ఆదివారం, ఉదయం 6:50

నాలుగున్నరకి లేపామండీ. బస్సులో నిద్రపోయాడు, అక్కడ దిగాక కూడా మత్తుగానే ఉన్నాడు.

క్లినికల్_సైకాలజీ_విశాఖ · ఆదివారం, ఉదయం 8:30

నేను క్లినికల్ సైకాలజిస్టుని. న్యూరోఫీడ్‌బ్యాక్ నేను చేయను, చేసేవాళ్లతో కలిసి పనిచేశాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఇది మోసంగా పుట్టిన విద్య కాదు. 1960ల చివర్లో అమెరికాలో బారీ స్టెర్మన్ అనే శాస్త్రవేత్త పిల్లులకి సెకనుకు 12 నుంచి 15 సార్లు ఊగే ఒక తరంగాన్ని పెంచుకోవడం నేర్పించాడు. అలా నేర్చిన పిల్లులు రాకెట్ ఇంధనం విషం వల్ల వచ్చే మూర్ఛను మిగతా పిల్లులకంటే ఎక్కువసేపు తట్టుకున్నాయి. అక్కణ్నుంచి మూర్ఛ రోగుల మీదికి, 1970ల మధ్యలో జోయెల్ లూబార్ ద్వారా అతిచురుకు పిల్లల మీదికి ఈ పద్ధతి వచ్చింది. వర్కింగ్ మెమరీ విషయానికొస్తే, 2003లో వెర్నన్ బృందం కొద్దిమంది ఆరోగ్యవంతులైన యువతీయువకులకి ఇదే తరంగం మీద ఎనిమిది సెషన్ల శిక్షణ ఇస్తే ఒక రకం వర్కింగ్ మెమరీ పరీక్షలో మెరుగయ్యారని తేలింది. సెంటర్లవాళ్లు చూపించే కాగితాల్లో ఎక్కువ భాగం ఇలాంటి చిన్న ప్రయోగాలే.

అసలు పరీక్ష ఆ తర్వాత జరిగింది. అమెరికాలో ఏడు నుంచి పదేళ్ల లోపు ఏడీహెచ్‌డీ పిల్లలు 144 మందిని తీసుకున్నారు. కొందరికి నిజమైన న్యూరోఫీడ్‌బ్యాక్ ఇచ్చారు. మిగతావాళ్లకి అదే కుర్చీ, అవే వైర్లు, అదే ఆట, కానీ బొమ్మను నడిపింది ముందే రికార్డు చేసి పెట్టుకున్న వేరే పిల్లల మెదడు సిగ్నల్. ఎవరికి ఏది ఇస్తున్నారో పిల్లలకి, తల్లిదండ్రులకి, టీచర్లకి, సెషన్ చేయించేవాళ్లకి కూడా తెలియదు. ముప్పై ఎనిమిది సెషన్లు. చివర్లో రెండు గుంపుల పిల్లలూ బాగా మెరుగయ్యారు, ఇద్దరూ సమానంగా. ఏడాది దాటాక చూసినా ప్రధాన ఫలితంలో తేడా లేదు.

2024 డిసెంబరులో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో ఇలాంటి 38 ప్రయోగాలను, 2472 మందిని కలిపి లెక్క వేశారు. ఎవరికి ఏ చికిత్స అందిందో తెలియనివాళ్లు మార్కులు వేసినప్పుడు లక్షణాల్లో చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. మెదడు పనితీరు పరీక్షల్లో వేగం ఒక్కటి కాస్త పెరిగింది. వర్కింగ్ మెమరీ పెరగలేదు.

అమ్మా, మీ అబ్బాయికి ఏడీహెచ్‌డీ ఉందని ఎవరూ చెప్పలేదు కదా. ఏడీహెచ్‌డీలోనే ఆధారం ఇంత పలచగా ఉంటే, కారణం తేలని వర్కింగ్ మెమరీ ఇబ్బందికి నలభై సెషన్లు ముందే అమ్మడం నాకు నచ్చలేదు. గాజులు తాకట్టు పెట్టకండి.

కోటబొమ్మాళి_నాన్న · ఆదివారం, ఉదయం 9:10

అయితే మా పాప బాగుపడింది అబద్ధమా మేడమ్? మేము ఇద్దరం, స్కూల్ టీచరు, మా అమ్మ, అందరం చూశాం. పుస్తకాల్లో అంకెలు పెట్టి ఇంట్లో జరిగింది జరగలేదంటే ఎలా?

క్లినికల్_సైకాలజీ_విశాఖ · ఆదివారం, ఉదయం 9:45

అబద్ధం కాదు సర్. ఆ ప్రయోగంలో రెండు గుంపుల పిల్లలూ నిజంగానే బాగుపడ్డారు, దాన్ని ఎవరూ కాదనలేదు. మెరుగుదల మెదడు తరంగాన్ని మార్చడం వల్ల వచ్చిందా అన్నదే వాళ్లు తేల్చిన విషయం. వారానికి రెండుసార్లు ఒక పెద్దమనిషి పక్కన కూర్చుని, తిట్టకుండా, "ఇంకాస్త ప్రయత్నించు, బాగా చేస్తున్నావు" అని పిల్లకి చెబుతూ ఉండడం, అమ్మానాన్నల్లో ఒకరు పని మానుకుని ఆ ప్రయాణమంతా పిల్లతో గడపడం, కదలకుండా కూర్చునే అలవాటు, ఈలోపు వయసు పెరగడం, ఇవన్నీ పనిచేస్తాయి. మీ పాప ఎదుగుదలలో మీరు పెట్టిన సమయానికి వాటా ఉంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు.

స్పెషల్_టీచర్ · నెల్లిమర్ల · ఆదివారం, మధ్యాహ్నం 2:20

ఇరవై ఏళ్లుగా ఇలాంటి పిల్లలతోనే పనిచేస్తున్నాను. అసలు వర్కింగ్ మెమరీ అంటే ఏమిటో ఇంట్లోవాళ్లకి చెబితే సగం కోపాలు తగ్గుతాయి.

కూరగాయల బజారులో వంకాయలు కిలో నలభై ఎనిమిది అన్నాడనుకోండి. కిలోన్నర తీసుకుని వందరూపాయల కాగితం ఇస్తే ఎంత రావాలి? నలభై ఎనిమిదికి సగం ఇరవై నాలుగు, కలిపితే డెబ్బై రెండు, వందలోంచి తీస్తే ఇరవై ఎనిమిది. ఈ లెక్క వేస్తున్నంతసేపూ మధ్యలో వచ్చిన అంకెల్ని మనసులో పట్టుకుని వాటితో పని చేస్తున్నాం చూడండి, అదే వర్కింగ్ మెమరీ. పక్కనుంచి ఎవరో పిలిస్తే అంకె జారిపోతుంది. క్రికెట్ స్కోర్లు గుర్తుండడం వేరే రకం జ్ఞాపకశక్తి, అది బాగున్నంత మాత్రాన ఇది బాగుండాలని లేదు. ఒకేసారి పట్టుకోగలిగే ముక్కలు ఏడు, అటూఇటూ రెండు అని 1956లో జార్జ్ మిల్లర్ రాశాడు. ఆ తర్వాతి పరిశోధకులు పెద్దవాళ్లకే నాలుగు అన్నారు. పదకొండేళ్ల పిల్లాడికి మీరు ఒక్క గుక్కలో మూడు పనులు, ఒక వరుస, ఒక రంగు చెప్పారు.

ఇంట్లో ఈ వారం నుంచే చేయగలిగేది చెబుతాను. ఒక పని చెప్పండి, అది చేసి వచ్చాక రెండోది. చెప్పాక "ఏం చెయ్యాలి చెప్పు నాన్నా" అని వాడి నోటితో చెప్పించండి. లెక్కల్లో శేషాన్ని మనసులో ఉంచుకోనివ్వకండి, పెద్ద గళ్ల కాగితం మీద ప్రతి మెట్టూ రాయించండి. ఎక్కాలు నోటికి వస్తే లెక్క మధ్యలో ఆ భారం తగ్గుతుంది, కాబట్టి రోజూ కాసేపు ఎక్కాలు చెప్పించండి. ఎక్కాల కాగితం ఎదురుగా పెట్టుకుని లెక్క చేసినా తప్పులేదు. డిక్టేషన్‌కి వాక్యం మొత్తం చదవకుండా మూడేసి మాటలు చదవమని టీచర్‌ని అడగండి. స్కూల్ బ్యాగులో ఏమేం ఉండాలో తలుపు వెనక కాగితం అంటించండి, చూసుకుని సర్దుకుంటాడు. ఇవేవీ ఆ సామర్థ్యాన్ని పెంచవు. ఆ ఇబ్బంది వల్ల చదువు పాడుకాకుండా కాపాడతాయి. మా దగ్గర పిల్లలకి ఎక్కువ మేలు చేసింది ఇదే.

ఇంకోటి. మీ బాబు ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లిష్ మీడియమా? అయితే టీచర్ ఇంగ్లిష్‌లో చెప్పిన సూచనని మనసులో తెలుగులోకి మార్చుకోవడానికే సగం శక్తి పోతుంది. "శ్రద్ధ లేదు" అని డైరీలో రాసేముందు ఆ టీచర్ ఒక్కసారి అదే మాట తెలుగులో చెప్పి చూడాలి.

లెక్కల_మాస్టారు · ఆమదాలవలస · ఆదివారం, సాయంత్రం 5:00

టీచర్ గారు భాష మాట ఎత్తారు కాబట్టి. అంకెలు చదివి తిరిగి చెప్పించే పరీక్ష ఉంటుంది, ఐదు, రెండు, తొమ్మిది అని. నోట్లో పలకడానికి ఎక్కువసేపు పట్టే మాటలు మనసులో తక్కువ నిలుస్తాయి. వెల్ష్ భాషలో అంకెలు పలకడానికి ఇంగ్లిష్‌లో కంటే ఎక్కువసేపు పడుతుంది, అందుకే వెల్ష్ పిల్లలకి ఈ పరీక్షలో తక్కువ మార్కులు వస్తున్నాయని 1980లోనే పరిశోధకులు చూపించారు. మన తెలుగు అంకెలు దాదాపు అన్నీ రెండు మూడు అక్షరాలవి. మీ బాబుకి ఏ భాషలో పెట్టారు, ఏ దేశపు పిల్లల సగటుతో పోల్చారు అని రిపోర్టులో చూడండి.

అలాగే, నలభై సెషన్లయ్యాక అదే పరీక్ష మళ్లీ పెట్టి "చూడండి పెరిగింది" అంటారు. ఒకే ప్రశ్నపత్రం రెండోసారి రాస్తే ఎవరికైనా కాస్త పెరుగుతుంది. మా స్కూల్లో యూనిట్ టెస్టుల్లో రోజూ చూసేదే.

ఘంటస్తంభం_రసికుడు · విజయనగరం · ఆదివారం, రాత్రి 8:10

యంత్రాలెందుకండీ, మన అవధానం ఉంది కదా. ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి ప్రశ్నలు వేస్తుంటే, మధ్యలో గంటలు లెక్కపెడుతూ, నిషిద్ధాక్షరి తప్పించుకుంటూ, చివర్లో ధారణ చేసి పద్యాలన్నీ వరసగా అప్పజెప్పేస్తారు. మా ఊళ్లో సంగీత కళాశాల మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు రెండు చేతులతో, రెండు కాళ్లతో, తలతో అయిదు తాళాలు ఒకేసారి వేసేవారని పెద్దలు చెబుతారు. పిల్లాడికి పద్యాలు నేర్పించండి. వారానికో శతక పద్యం చాలు, జ్ఞాపకశక్తి దానంతటదే పెరుగుతుంది.

లెక్కల_మాస్టారు · ఆమదాలవలస · ఆదివారం, రాత్రి 8:45

పద్యాలు నేర్పించాలన్నది నాకూ ఇష్టమే. కానీ అవి నేర్చినంత మాత్రాన శేషం గుర్తుంటుందని అనలేం. 1980లో అమెరికాలో ఎరిక్సన్, ఛేజ్ అనేవాళ్లు ఒక మామూలు కాలేజీ కుర్రాడికి అంకెలు గుర్తుపెట్టుకోవడంలో 230 గంటలకి పైగా సాధన చేయించారు. ఏడు అంకెల దగ్గర మొదలుపెట్టి 79కి వెళ్లాడు. అతను పరుగుల పోటీల మనిషి, అంకెల్ని పరుగు పందెం టైమింగులుగా ముడివేసుకునేవాడు. తర్వాత అంకెలు తీసేసి అక్షరాలు ఇస్తే మళ్లీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. అవధానుల గొప్పతనం కూడా ఛందస్సు, వ్యాకరణం, వేల పద్యాల పునాది మీద కట్టుకున్నది. ఆ పునాది ఉన్నచోట అది అద్భుతం. దాన్ని తీసుకెళ్లి భాగహారంలో వాడుకోలేం.

పార్వతీపురం_అక్క · ఆదివారం, రాత్రి 9:20

ఫోన్‌లో బ్రెయిన్ గేమ్స్ యాప్‌లు ఉన్నాయి కదా, అవైనా ఆడించొచ్చా? డబ్బు పెద్దగా అవదు.

క్లినికల్_సైకాలజీ_విశాఖ · ఆదివారం, రాత్రి 9:50

మాస్టారు చెప్పిందే అక్కా. ఆడిన ఆటలో మెరుగవుతారు. 2013లో వర్కింగ్ మెమరీ శిక్షణల మీద వచ్చిన పెద్ద సమీక్ష కూడా అదే చెప్పింది, లాభం కొద్దికాలమే ఉంది, చదవడానికీ లెక్కలకీ పాకలేదు. లుమోసిటీ అనే యాప్ కంపెనీ ఆధారం లేని ప్రకటనలు ఇచ్చిందని అమెరికా ప్రభుత్వ సంస్థ అభియోగం మోపితే, 2016లో ఇరవై లక్షల డాలర్లు కట్టి రాజీకి వచ్చింది. సరదాకి ఆడుకుంటే ఆడుకోనివ్వండి, రాత్రి నిద్ర టైమ్‌లో మాత్రం వద్దు.

రాజాం_మెకానిక్ · సోమవారం, ఉదయం 7:30

పిల్లల సంగతి సరే, నా లాంటివాళ్ల సంగతి చెప్పండి. పోయిన ఏడాది హైవే మీద బండి పడి తలకి దెబ్బ తగిలింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఇప్పుడు ఇంజిన్ విప్పితే ఏ బోల్టు ఎక్కడ పెట్టానో మరిచిపోతున్నాను. కస్టమర్ మూడు పనులు చెబితే రెండే చేస్తున్నాను. నిమ్హాన్స్ మానసిక, నరాల ఆస్పత్రిలో దీనికి న్యూరోఫీడ్‌బ్యాక్ చేస్తారని విన్నాను. బెంగళూరు వెళ్లాలా?

క్లినికల్_సైకాలజీ_విశాఖ · సోమవారం, ఉదయం 8:40

అన్నా, మీరు విన్నది నిజమే. తలకి దెబ్బ తగిలినవాళ్లలో న్యూరోఫీడ్‌బ్యాక్ మీద నిమ్హాన్స్ న్యూరోసైకాలజీవాళ్లు పనిచేశారు, జ్ఞాపకశక్తిలో మెరుగుదల వచ్చిందని రాశారు కూడా. అవి చిన్న అధ్యయనాలు. తల దెబ్బల్లో మొదటి ఆరునెలలు, ఏడాదిలో మెదడు దానంతటదే చాలా కోలుకుంటుంది, అప్పుడు ఏ చికిత్స ఇచ్చినా పేరు దానికే వస్తుంది. మీ విషయంలో ఆ కాలం దాటింది కాబట్టి నిమ్హాన్స్‌కి వెళ్లడం వృథా కాదు. కాకపోతే అక్కడికి వెళ్లి న్యూరోఫీడ్‌బ్యాక్ కావాలని అడక్కండి. పూర్తి న్యూరోసైకాలజీ పరీక్ష చేయించమని అడగండి. దెబ్బ వల్ల ఏది పోయింది, ఏది ఉంది అన్నది అందులో తేలుతుంది. దాన్నిబట్టి పునరావాస శిక్షణ చెబుతారు, అందులో భాగంగా న్యూరోఫీడ్‌బ్యాక్ పెడితే చేయించుకోండి. అంత దూరం వెళ్లేముందు విశాఖ ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్ న్యూరాలజీలో ఒకసారి చూపించుకుని స్కాన్ కాగితాలు సిద్ధం చేసుకోండి. నిద్ర ఎలా ఉంది, మనసు బాగుంటోందా, మూర్ఛలాంటివి వచ్చాయా అన్నవి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. తల దెబ్బ తర్వాత కుంగుబాటు చాలామందికి వస్తుంది, అది కూడా జ్ఞాపకశక్తిని తినేస్తుంది.

ఈలోపు ఇంజిన్ విప్పేటప్పుడు ప్రతి దశకీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బోల్టులకి నంబర్లు రాసిన డబ్బాలు పెట్టుకోండి. కస్టమర్ ముందే పని చీటీ రాసి వాళ్లకి చదివి వినిపించండి.

రాజాం_మెకానిక్ · సోమవారం, ఉదయం 9:00

డబ్బాలు ఈ రోజే పెడతాను. మనసు సంగతి అడిగారు, ఇక్కడ రాయలేను. ఎవరితో మాట్లాడాలి?

క్లినికల్_సైకాలజీ_విశాఖ · సోమవారం, ఉదయం 9:05

14416 టెలిమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఉచితం, ఏ సమయంలో అయినా, తెలుగులో మాట్లాడతారు. ఈ రోజే చేయండి అన్నా. మీకు ఇష్టమైతే నాకు విడిగా మెసేజ్ పెట్టండి, నేనూ మాట్లాడతాను.

కవిటి_కొబ్బరితోట · సోమవారం, సాయంత్రం 6:30

మా నాన్నకి కిడ్నీ జబ్బు, మా ఉద్దానంలో ఇంటికొకరు ఉన్నట్టే. డయాలసిస్ నడుస్తోంది. ఈ మధ్య మాట మధ్యలో ఆగిపోతున్నారు, మందు వేసుకున్నారో లేదో గుర్తుండట్లేదు. ఒక తెలిసినాయన మెదడుకి ఈ శిక్షణ ఇప్పిస్తే మంచిదన్నాడు. అందుకే ఈ చర్చ చదివాను.

క్లినికల్_సైకాలజీ_విశాఖ · సోమవారం, రాత్రి 7:15

దానికి ఇది కాదండి. కిడ్నీ జబ్బులోనే మతిమరుపు, ఆలోచన మందగించడం ఉంటాయి. రక్తంలో మలినాలు పేరుకోవడం, రక్తహీనత, బీపీ వల్ల మెదడు రక్తనాళాలు దెబ్బతినడం, నిద్ర సరిగా పట్టకపోవడం, కుంగుబాటు, ఇవన్నీ కారణాలు. కొన్ని సరిచేయగలిగినవి. ఈసారి డయాలసిస్‌కి వెళ్లినప్పుడు డాక్టర్‌కి ఈ మార్పు ఎప్పుడు మొదలైందో చెప్పండి. హఠాత్తుగా వచ్చిందంటే ఆలస్యం చేయకుండా పలాస ఆస్పత్రికి తీసుకెళ్లండి. మందుల డబ్బా ఇంట్లో ఇంకొకరి చేతిలో ఉండాలి.

ఇది చదివే మిగతావాళ్లకి కూడా: షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడేవాళ్లలో బీ12 తగ్గే అవకాశం ఉంది. పెద్దవాళ్లలో మతిమరుపంటే ముందు బీ12, థైరాయిడ్ చూపించండి.

నాగావళి_అమ్మ · సోమవారం, రాత్రి 10:00

అందరికీ చాలా థాంక్సండీ. రిపోర్టు తీసి చూశాను. అంకెల పరీక్ష ఇంగ్లిష్‌లో పెట్టారు. కింద సంతకం ఉంది, పేరు పక్కన సర్టిఫైడ్ ట్రెయినర్ అని ఉంది, ఇంకేం లేదు. మేడమ్ నిద్ర గురించి రాశారు కదా, మా వాడు చిన్నప్పటి నుంచి గురక పెడతాడు. నోరు తెరిచి పడుకుంటాడు. జలుబు ఎప్పుడూ ఉంటుంది. దీనికీ దానికీ సంబంధం ఉంటుందా?

క్లినికల్_సైకాలజీ_విశాఖ · సోమవారం, రాత్రి 10:20

ఉంటుందమ్మా. ముక్కు వెనక అడినాయిడ్లు పెరిగితే రాత్రంతా గాలి సరిగా ఆడదు, పిల్లాడు పడుకున్నా మెదడుకి విశ్రాంతి ఉండదు. పగలు శ్రద్ధ, వర్కింగ్ మెమరీ రెండూ దెబ్బతింటాయి. పైగా అదే జలుబు చెవిలోకి నీరు చేర్చి వినికిడి తగ్గిస్తుంది. సూచన సగమే వినబడినవాడు సగమే చేస్తాడు. ముందు ఈఎన్‌టీకి చూపించండి, వినికిడి పరీక్ష కూడా అడగండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చూపించండి.

ఆ తర్వాత కూడా ఇబ్బంది ఉంటే ఆర్సీఐ, అంటే భారత పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు దగ్గర తెలుగులో పరీక్ష చేయించండి. వాళ్లకి రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడిగితే చెప్పాలి. జిల్లాలో ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం ఆర్‌బీఎస్‌కే కింద పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకి చదువు ఇబ్బందులు, ఏడీహెచ్‌డీ కూడా చూస్తారు, డబ్బు కట్టనక్కర్లేదు. విశాఖ చినవాల్తేరు మానసిక ఆస్పత్రిలో కూడా పిల్లలకి చూపించవచ్చు, ఆ పేరు చూసి భయపడకండి. ఏడీహెచ్‌డీ అని తేలితే మందుల మాట సైకియాట్రిస్టుతో మాట్లాడండి. "మందులు అక్కర్లేదు" అని ఆ సెంటర్ చెప్పిన మాట, మందులు రాయగలిగే డాక్టర్ చెప్పింది కాదు.

కోటబొమ్మాళి_నాన్న · సోమవారం, రాత్రి 10:45

నేను ఇప్పటికీ చేయించొద్దని చెప్పలేను. మా పాప విషయంలో అది మాకు దారి చూపించింది. కానీ గురక సంగతి ముందు చూసుకోమ్మా. అది చూడకుండా వాళ్లు నలభై సెషన్లు అనడం నాకూ సబబుగా లేదు. మా పాపకి ముందు చైల్డ్ స్పెషలిస్టు అన్నీ చూశాకే అక్కడికి పంపించారు. ఒకవేళ చేయించినా డబ్బు మొత్తం ముందే కట్టొద్దు. సెషన్‌కి సెషన్ కట్టు.

ఈఈజీ_టెక్ · విజయనగరం · మంగళవారం, ఉదయం 6:40

ప్రయాణం కూడా లెక్కలోకి తీసుకోండి. శ్రీకాకుళం నుంచి విశాఖ వంద కిలోమీటర్లు పైమాటే. వారానికి రెండు సాయంత్రాలు పిల్లాడు ఇంటికి చేరేసరికి రాత్రి పదవుతుంది. నిద్ర చాలని పిల్లాడికి ఆ నిద్ర ఇంకా తగ్గుతుంది. పైగా నీ మెదడు తరంగాలు బాగోలేవు అని వాడి ఎదుటే అంటుంటారు. పదకొండేళ్ల పిల్లాడు ఆ మాట మనసులో పెట్టుకుంటాడు.

నాగావళి_అమ్మ · శుక్రవారం, రాత్రి 9:15

ఈఎన్‌టీకి చూపించాం. అడినాయిడ్లు పెద్దగానే ఉన్నాయన్నారు, కుడి చెవిలో కాస్త నీరు ఉంది. ముక్కులో స్ప్రే ఇచ్చి, కొన్ని వారాలు వాడాక మళ్లీ చూసి చెబుతామన్నారు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ కొంచెం తక్కువ, ఐరన్ సిరప్ రాశారు. దీనివల్లే అని డాక్టర్ అనలేదు, ఇది సరిచేశాక చూద్దాం అన్నారు.

సెంటర్‌కి ఫోన్ చేసి సెషన్‌కి సెషన్ కడతామంటే ప్యాకేజీ అయితేనే అన్నారు. తెలుగులో పరీక్ష మళ్లీ పెడతారా అంటే అక్కర్లేదన్నారు. ఇప్పటికి వద్దని చెప్పేశాం. గాజులు అత్తగారి చేతికే ఉన్నాయి.

స్కూల్‌లో మాట్లాడాను. ముందు బెంచీలో, కుడివైపు గోడ పక్కన కూర్చోబెట్టడానికి ఒప్పుకున్నారు, ఎడమ చెవి టీచర్ వైపు ఉంటుంది. ఎక్కాల కాగితం మాత్రం పరీక్షలో కుదరదు, మిగతా పిల్లలు అడుగుతారు అన్నారు. డిక్టేషన్ సంగతి చూస్తాం అన్నారు. కాగితం మీద ఏదైనా రాసివ్వొచ్చా టీచర్ గారూ?

స్పెషల్_టీచర్ · నెల్లిమర్ల · శుక్రవారం, రాత్రి 10:05

రాసివ్వండి. నోటిమాటగా చెబితే టీచర్ మారిన రోజు మళ్లీ మొదటికొస్తుంది. ఇలా రాయండి:

"మా అబ్బాయికి చెవి, ముక్కు చికిత్స జరుగుతోంది, ఈఎన్‌టీ కాగితం జతచేశాను. ఒకేసారి ఎక్కువ సూచనలు గుర్తుంచుకోవడం వాడికి కష్టం. దయచేసి సూచనలు ఒక్కొక్కటిగా చెప్పండి, హోంవర్క్ బోర్డు మీద రాయండి, డిక్టేషన్ మూడేసి మాటలుగా చదవండి, క్లాసులో లెక్కలు చేసేటప్పుడు ఎక్కాల కాగితం చూసుకోనివ్వండి. డైరీలో శ్రద్ధ లేదు అని రాయడానికి బదులు ఏ పని మధ్యలో ఆగిందో రాస్తే ఇంట్లో మేము దాని మీద పనిచేస్తాం."

పరీక్షలో ఎక్కాల కాగితం గురించి ఇప్పుడు పట్టుబట్టకండి. వర్కింగ్ మెమరీ బలహీనత ఒక్కటే ఉంటే చట్టంలో దానికి పేరు లేదు. తర్వాత జరిగే పరీక్షలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం, అంటే చదవడం, రాయడం, లెక్కల్లో ఉండే ప్రత్యేక ఇబ్బంది అని తేలితే అది 2016 వైకల్య చట్టంలో ఉంది, ఆ సర్టిఫికెట్ మీద బోర్డు పరీక్షల్లో అదనపు సమయం అడగవచ్చు. పదో తరగతికి ఇంకా నాలుగేళ్లుంది, తొమ్మిదిలోకి వచ్చేలోపు ఆ పని పూర్తిచేసుకుంటే చాలు. ఉత్తరం రెండు కాపీలు తీసి, ఒకదాని మీద స్కూల్ ముద్ర వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి.